షంట్ వేసిన తరువాత ఊపిరితిత్తుల సంగతి



పుట్టుకతోనే గుండెలో లోపం ఉండి, ఊపిరితిత్తులకు రక్తం చాలక నీలంగా మారే పిల్లలుంటారు. ఏడిస్తే పెదవులు నల్లబడతాయి. నాలుగడుగులు నడిచి గొంతుక్కూర్చుంటారు. 1944 నవంబరు 29న అమెరికాలో, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో అలాంటి పదిహేను నెలల పాపకు ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ ఆపరేషన్ చేశారు. ఆలోచన పిల్లల వైద్యురాలు హెలెన్ టాసిగ్‌ది. ఆ ఆపరేషన్‌ను ముందు కుక్కల మీద సాధన చేసి, ఆ రోజు సర్జన్ వెనక నిలబడి సలహాలిచ్చింది వివియన్ థామస్. నల్లజాతివాడైనందుకు ఆయనకు దక్కాల్సిన పేరు చాలా ఆలస్యంగా దక్కింది. చేతికి వెళ్లే ధమనిని మళ్లించి ఊపిరితిత్తుల ధమనికి కలిపారు. అదే షంట్. ఆ పాప ఎక్కువ కాలం బతకలేదు గానీ, ఆ దారిన ఎందరో పిల్లలు బతికారు.

1946లో పాట్స్, 1962లో వాటర్‌స్టన్ అనే సర్జన్లు బృహద్ధమనినే నేరుగా ఊపిరితిత్తుల ధమనికి కలిపే పద్ధతులు తెచ్చారు. చిక్కు అక్కడ వచ్చింది. చేతికి బీపీ చూస్తే పై అంకె 120 ఉండే మనిషికి, ఊపిరితిత్తుల ధమనిలో అది మామూలుగా 25 దాటదు. ఆ నాళాల గోడలు అంత పలచన. పెద్దకాలువ నీరంతా పంటబోదెలోకి వదిలితే గట్లు ఆగుతాయా? ఏళ్ల తరబడి ఆ ఉరవడి తగిలి నాళాల గోడలు మందమవుతాయి, దారి సన్నబడుతుంది. ఒక దశ దాటాక షంట్ మూసినా అవి మామూలు స్థితికి రావు. కొందరికి కుట్టిన చోట ధమని వంకరపోయి, ఒక ఊపిరితిత్తికి రక్తం సరిగా అందదు. అందుకే ఆ రెండు పద్ధతులనూ వదిలేశారు. ఇప్పుడు పసిపిల్లలకు మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల గోర్‌టెక్స్ గొట్టం వేస్తున్నారు. రక్తం ఎంత వెళ్లాలో ఆ సన్నని గొట్టమే నిర్ణయిస్తుంది.

చిన్నప్పుడు షంట్ వేయించుకున్నవారికి మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా, గోళ్లు మళ్లీ నీలంగా కనిపిస్తున్నా నీరసమని సరిపెట్టుకోకండి. షంట్ పూడుకుపోయి ఉండొచ్చు, నాళాలు గట్టిపడి ఉండొచ్చు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, వైద్యం మాత్రం వేరు. ఎకో, అవసరమైతే గుండెలోకి సన్నని గొట్టం పంపి చూసే క్యాథ్ పరీక్ష చేస్తేనే తేలుతుంది. దగ్గులో రక్తం పడినా, కళ్లు తిరిగి పడిపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడిన స్త్రీకి గర్భం ప్రాణాపాయం. పెళ్లయిన అమ్మాయిలు ముందే గుండె డాక్టరును అడగండి. 1944 నాటి పద్ధతిలో చేతి ధమనిని మళ్లించినవారికి ఆ వైపు చేతిలో నాడి అందకపోవచ్చు, బీపీ తక్కువ చూపుతుంది. రెండో చేతికి చూడమని నర్సుకు మీరే చెప్పండి.