తప్పును పలుచన చేసే మాట

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ న్యాయస్థానాలున్న ఊళ్లు. ఆ మెట్లు ఎక్కినవారికీ, ఎక్కినవారిని ఎరిగినవారికీ ఉపకరిస్తుందని ఒక ఇంగ్లీషు మాటను గురించి మనవి చేయదలచినాను. అది 'ఎక్స్‌టెన్యుయేట్'.

లాటిన్‌లో 'టెన్యుయిస్' అంటే పలుచనిది. మన 'తను' శబ్దానికి ఇది జ్ఞాతి. తన్వి అంటే సన్నని స్త్రీ అనే కదా! ఇంగ్లీషు 'థిన్' కూడా ఆ కుటుంబానిదే. ఒకప్పుడు దేహం చిక్కిపోవడాన్ని కూడా ఈ మాటతో చెప్పేవారు. ఇప్పుడు ప్రధానంగా నిలిచినది తప్పుకు సంబంధించిన అర్థం. పలుచనయ్యేది తప్పే సుమా, మనిషి కాదు. మనిషి పలుచనైనాడంటే తెలుగులో పరువు పోయినట్లు!

ధర్మవరంలో కూలికి మగ్గం నేసే ఒకరు, ఆసామి ఇచ్చిన పట్టును బిడ్డ మందులకై కుదువ పెట్టినాడనుకుందాము. "అయ్యా, చేసినది తప్పే. బిడ్డకు జ్వరం, చేతిలో దమ్మిడీ లేదు" అంటాడు. ఇది ఎక్స్‌టెన్యుయేట్ చేయడం. దీనిని 'ఎక్సోనరేట్' అని అనువదించినారా, అతడు తప్పు చేయనే లేదన్నట్లవుతుంది. ఆ మాటకు నెత్తిమీది బరువును దింపివేయడమని అర్థం. ఒప్పుకున్నవాడిని అబద్ధాలకోరుగా నిలబెట్టేది ఇటువంటి అనువాదమే. 'పాలియేట్' మరొకటి: దాని మూలం అంగవస్త్రం. తప్పు పలుచబడలేదు, పైన గుడ్డ కప్పినారంతే.

భేదం పండితుల కోసం కాదు. నేరం రుజువైనా, దాని స్వభావాన్నీ, నేరస్థుని నడతనూ, పరిస్థితులనూ చూచి, మరణశిక్షగాని యావజ్జీవంగాని లేని నేరాలలో మంచి నడత పూచీపై విడిచిపెట్టే అధికారం 1958 నాటి ప్రొబేషన్ చట్టం న్యాయస్థానానికి ఇచ్చినది.

ఉరిశిక్ష సంగతి మరీ గంభీరం. 1955 సవరణకు ముందు, ఉరి వేయదగిన నేరానికి తక్కువ శిక్ష వేస్తే న్యాయమూర్తి కారణం వ్రాయవలసి ఉండేది. 1973 స్మృతిలో అది తలక్రిందులైనది: ఉరి వేస్తేనే ప్రత్యేక కారణాలు వ్రాయాలి. 1980లో బచన్‌సింగ్ తీర్పు నేరాన్నే కాక నేరస్థుణ్ణి కూడా చూడమన్నది. అక్కడ వాడినది దీని చెల్లెలైన 'మిటిగేటింగ్'. మెత్తన చేసేదని దాని అర్థం.

తెలుగులో నేనైతే 'తప్పు తీవ్రతను తగ్గించే పరిస్థితులు' అంటాను. 'క్షమార్హమైన' అనను, క్షమించడం తరువాతి సంగతి, అది న్యాయమూర్తి చేతిలోనిది.