కూలిరేటు వివాదము – అర్థశాస్త్ర పరిశోధన చెప్పు సాక్ష్యము
(చింతలపూడి వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ప్రసంగించిన పిమ్మట, కూలిరేటును గూర్చి మాటలాడుమని మమ్ము ఆజ్ఞాపించితిరి. విషయము శుష్కమని కొందఱు తలపవచ్చును. కాని నిన్నటి విషయనిర్ణయ సభలో ఇంతటి వాగ్వాదము మఱి యే విషయమునను జరుగలేదు. ఉపాధి పనులవలన వ్యవసాయమునకు కూలీలు దొరకుట లేదనియు, రేట్లు మిన్నంటినవనియు, కావున సాగుకాలమున ఆ పనులను నిలిపివేయుమని ప్రభుత్వమును కోరవలెననియు ఒక తీర్మానము వచ్చినది. దానిని కాదనినవారును పెక్కురు కలరు. మన సంఘములో కూలి యిచ్చువారును గలరు, కూలి పుచ్చుకొనువారును గలరు. ఒకే యింట అన్న కౌలుదారుగను, తమ్ముని భార్య నాట్ల ముఠాలోని కూలిగను ఉండుటయు కలదు. ఇట్టిచోట తొందరపడి చేసిన తీర్మానము సంఘములో సగముమందికి నష్టము కలిగింపవచ్చును. అందుచే, ఈ విషయమున పరిశోధకులు ఏమి కనుగొనిరో తెలిసికొని పిమ్మట చేయెత్తుట యుక్తమని మా మనవి.

మొదట ఒక చిక్కును గమనింపుడు. ఇరువదియేండ్లలో కూలిరేటు పెరిగినమాట నిజము. కాని ఈ యిరువదియేండ్లలోనే పిల్లలు బడులకు పోయిరి. యువకులు హైదరాబాదునకు, విజయవాడకు కట్టడపు పనులకు తరలిరి. వరికోత యంత్రములు వచ్చెను. మెట్టలో ఆయిల్‌పాము, కోకో తోటలు పెరిగెను. కొల్లేటి చుట్టు వరిచేలు చేపలచెరువులయ్యెను. ఇన్ని మార్పులు ఏకకాలమున జరుగగా, పెరిగిన ప్రతి రూపాయిని ఉపాధి పని పద్దున వ్రాయుట న్యాయము కాదు. ఏ కారణము ఎంత పని చేసెనో వేరుచేసి చూపుటయే పరిశోధన ప్రయోజనము.

ఇట్టి పరిశీలన మన దేశమునకు క్రొత్తది కాదు. మద్రాసు విశ్వవిద్యాలయములో అర్థశాస్త్రాచార్యుడైన గిల్బర్టు స్లేటరు, విద్యార్థులను వారి వారి గ్రామములకు పంపి భూమి, అప్పు, కూలి మున్నగు లెక్కలు వ్రాయించి, 1918లో దక్షిణ భారత గ్రామములను గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. తరువాత పి. జె. థామసు, కె. సి. రామకృష్ణన్ గారలు ఆ గ్రామములను మరల పరీక్షింపించి 1940లో రెండవ గ్రంథమును వెలువరించిరి. 1948లో కనీస వేతనముల శాసనము వచ్చిన పిమ్మట, వ్యవసాయ కూలీల స్థితి తెలియనిదే వేతనము నిర్ణయించుట యెట్లని 1950-51లో భారత ప్రభుత్వము దేశవ్యాప్తముగ వ్యవసాయ కార్మిక విచారణ జరిపెను. 1975 మొదలుకొని ఇక్రిశాట్ సంస్థవారు మహబూబునగరు జిల్లాలోని అవురేపల్లి, దోకూరు గ్రామములలో ఇంటింటి లెక్కలు వ్రాసిరి. తెలుగుపల్లె కూలిబ్రదుకు ప్రపంచమునందలి అర్థశాస్త్రజ్ఞులకు పాఠ్యవిషయమగుట దానివలననే.

ఇక ప్రస్తుత వివాదమునకు వత్తము. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ శాసనము 2005లో పుట్టినది. 2006 ఫిబ్రవరి 2వ తేదీన మన తెలుగుదేశముననే, అనంతపురము జిల్లా బండ్లపల్లిలో పథకము ప్రారంభమయ్యెను. కుటుంబమునకు ఏడాదికి 100 దినముల పని. స్త్రీపురుషులకు ఒకే రేటు. అయితే దేశమంతట ఒక్కమారు అమలుకాలేదు. మొదట 200 జిల్లాలు, 2007లో మఱి 130 జిల్లాలు, 2008 ఏప్రిలులో తక్కినవి. ఖమ్మము జిల్లా మొదటి విడతలోనిది. మన పశ్చిమ గోదావరి కడపటి విడతలోనిది. అనగా చింతలపూడి పొలిమేర దాటి సత్తుపల్లివైపు పోయినవారికి 2006లోనే వచ్చిన పని, ఈవలివారికి రెండేండ్ల తరువాతగాని రాలేదు. ఈ యెడమే పరిశోధకులకు కొలబద్ద యయ్యెను. ముందు వచ్చిన జిల్లాలలోను, ఇంకను రాని జిల్లాలలోను కూలిరేట్లు ఎట్లు మారెనో పోల్చి చూడవచ్చును గదా.

క్లెమెంట్ అంబేర్, జాన్ పాప్ అను వారు దేశమంతటి జిల్లాలకు ఇట్టి పోలికనే చేసి 2015లో ప్రకటించిరి. వారు కనుగొన్నది రెండు విధములు. పనులు ముమ్మరముగ జరుగు ఎండకాలమున, దినకూలి సుమారు నూటికి 5 పాళ్లు పెరిగెను. ప్రైవేటు పనికి పోవువారు కొంత తగ్గిరి. వర్షకాలమున మాత్రము చెప్పుకోదగిన మార్పు లేదు. తీర్మానమును ప్రతిపాదించినవారి మాటలో కొంత సత్యమున్నట్లు మొదటి ఫలితము చెప్పుచున్నది. సార్వా నాట్లవేళ కూలీలను ఉపాధి పనులే హరించుచున్నవను మాటకు రెండవ ఫలితము ఆధారమీయదు. ఒకే పరిశోధన ఉభయపక్షములకును కొంత కొంత చెప్పినది.

రెండవ పరిశోధన ఇంతకంటె బలమైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున జరిగినది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అను ముగ్గురు, ప్రభుత్వముతో కలిసి 8 జిల్లాలలో దీనిని నడిపిరి. కూలి సొమ్మును వ్రేలిముద్ర సరిచూచి స్మార్టుకార్డు ద్వారా చెల్లించు పద్ధతిని ఏ మండలమున ముందుగ పెట్టవలెను, ఏ మండలమున వెనుకగ పెట్టవలెను అనునది చీటీలు వేసినట్లు నిర్ణయించిరి. ముందు 112 మండలములు, వెనుక 45 మండలములు. 2010 నుండి 2012 వఱకు రెంటిని పోల్చిరి. ఆ 8 జిల్లాలలో మన పొరుగు ఖమ్మము జిల్లాయు ఒకటి. చీటీ ఎవరికి పడునో ఎవరికిని తెలియదు గనుక, పలుకుబడిగల మండలమునకే ముందు దక్కినదను శంకకు తావులేదు. 2016లో వారు ప్రకటించిన మొదటి ఫలితము: కార్డులు వచ్చినచోట కూలి శీఘ్రముగ చేరెను, నడుమ కాజేయబడు సొమ్ము తగ్గెను.

2023లో ఎకనామెట్రికా పత్రికయందు వెలువడిన రెండవ ఫలితము మన వివాదమునకు మఱింత దగ్గఱిది. ఆ మండలములలో పేదకుటుంబముల ఆదాయము సుమారు నూటికి 14 పాళ్లు పెరిగెను. కాని ఆ పెరుగుదలలో నూటికి 86 పాళ్లు ఉపాధి పనిలో వచ్చినవి కావు. రైతుల పొలములలోను, ఇతర పనులలోను వచ్చినవి. బయటి కూలిరేటు సుమారు నూటికి 11 పాళ్లు పెరిగెను. అందఱును ఆశ్చర్యపడిన విషయమేమన, రేటు పెరిగియు బయట పనిదినములు తగ్గలేదు, పైపెచ్చు పెరిగినవి. సంతలో సరకుల ధరలు చెప్పుకోదగినంత పెరుగలేదు.

ధర పెరిగిన వస్తువును తక్కువగా కొందుము గదా, కూలి పెరిగినప్పుడు పని ఏల తగ్గలేదని తమరు అడుగవచ్చును. దీనికి పరిశోధకులు చెప్పు సమాధానము పల్లెలో పెరిగినవారికి దుర్గ్రాహ్యము కాదు. ఊర పనియిచ్చు ఆసాములు నలుగురే అయినప్పుడు, రేటు సంతలో వలె బేరములో తేలదు. ఆసాములు అనుకొన్నదే రేటు. ఆ రేటునకు రానొల్లక కొందఱు ఇంటనే యుందురు, కొందఱు వలసపోదురు. అట్టి కూలికి మఱొక పని చేయూతగ దొరకినప్పుడు ఆసామి రేటు పెంచక తప్పదు. పెంచినప్పుడు ఇంట నున్నవారును పనిలోనికి వత్తురు. ఇందువలననే, భూమి కొలదిమంది చేతులలో నున్నచోట్ల పనిదినముల విషయమున ఫలితము మఱింత మేలుగ కనబడెను. దీనికి తోడు, కూలి ఇంటికి చేరిన సొమ్ము ఊరిలోని దుకాణమునకు, దర్జీకి, చిన్నవ్యాపారికి చేరి, అక్కడను పని పుట్టించెను.

ఇట్టి వాదము విదేశములలోను నడచినది. 1992లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రము కనీస వేతనమును గంటకు 4.25 డాలర్ల నుండి 5.05 డాలర్లకు పెంచగా, పొరుగు పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డు, ఆలెన్ క్రూగరు అనువారు పొలిమేరకు ఇరువైపుల 410 ఫలహారశాలలను పరీక్షించి, పెంచినచోట ఉద్యోగములు తగ్గలేదని 1994లో వ్రాసిరి. ఇతరులు వేఱు లెక్కలతో దానిని ఆక్షేపించిరి. వాదము ఏండ్లతరబడి సాగినది. కార్డుగారికి 2021లో నోబెలు బహుమానము వచ్చినది. ఆక్షేపణ వచ్చినంతమాత్రమున పరిశోధన వ్యర్థము కాదు. వాదము లెక్కలపై జరిగినప్పుడు ఇరుపక్షములును తమ లెక్కలను బయటపెట్టవలసి వచ్చును, అదియే లాభము.

ఇంతవఱకు చెప్పినదానిని బట్టి రైతు కష్టమును మేము తక్కువచేసితిమని తలపకుడు. కూలి పెరిగిన భారము రైతుపై బడుట సత్యము. అందును ముందుగ నలుగువాడు కౌలుదారు. భూస్వామికి కౌలు ముందే కట్టవలెను. ఎరువు, పురుగుమందు ధర అతని చేతిలో లేదు. ధాన్యము ధర అంతకంటెను లేదు. తన చేతిలోనున్న ఖర్చు కూలి యొక్కటియే గనుక అతని కోపము కూలిపై పోవుచున్నది. కాని కూలి తగ్గించినచో మిగులు ఆ సొమ్ము కౌలుదారునకు దక్కునా, లేక మఱుసటి యేడు కౌలు పెరిగి భూస్వామికి చేరునా యని మనము యోచింపవలెను. కౌలుదారు రక్షణకు కౌలు గుర్తింపు, బ్యాంకి అప్పు, మద్దతు ధర అను వేఱుమార్గములున్నవి. 2011లో చేసిన సాగుదారుల శాసనమును, 2019లో చేసిన పంట సాగుదారుల హక్కుల శాసనమును ఆ యుద్దేశముననే పుట్టినవి. వాని అమలును కోరుట మానుకొని కూలి నోటివద్ద ముద్దను తగ్గింపుమని కోరుట ధర్మము కాదు.

ఇప్పుడు ఈ చర్చకు తొందర యేలయనగా, 2025 డిసెంబరులో పార్లమెంటు పాత ఉపాధి హామీ శాసనమునకు బదులుగ క్రొత్త శాసనమును చేసెను. దానిలో పనిదినములు 125. వ్యయములో నూటికి 40 పాళ్లు మనవంటి రాష్ట్రములు భరింపవలెను. విత్తు కాలము, కోతకాలము కలిపి ఏడాదిలో 60 దినములవఱకు పనులు నిలుపవచ్చును. ఆ దినములను రాష్ట్రప్రభుత్వము ముందుగ ప్రకటింపవలెను. కావున ఏ దినములు నిలుపవలె నన్నది ఇక వాదవిషయము మాత్రమే కాదు, నిర్ణయవిషయము.

ఇక్కడ మన ప్రాంతభేదమును చూడుడు. తాడేపల్లిగూడెము దిగువ డెల్టాలో సార్వా నాట్లు, దాళ్వా నాట్లు, రెండు కోతలు. చింతలపూడి మెట్టలో పొగాకు ఆకు కొట్టుట, బ్యారన్లలో కాల్చుట, మొక్కజొన్న కోత, అటుపై మామిడి, జీడిమామిడి. కొల్లేటి లంకలలో చేపల పట్టుబడి. నాట్లు, కలుపు, కోతలు అను స్త్రీల పనులు చేపలచెరువులలో లేవు. డెల్టాకు తగిన 60 దినములు మెట్టకు తగవు. కొల్లేటి స్త్రీకి ఆ 60 దినములు పని నిలిపినచో, ఆమె పోవుటకు పొలమే లేదు. ఎక్కడ బయటిపని నిజముగ నున్నదో అక్కడనే నిలుపుట న్యాయము. ఆంధ్రదేశమున ఉపాధి పనులకు వచ్చువారిలో సగమునకు మించి స్త్రీలేయని మఱువరాదు.

కావున తీర్మానమును త్రోసివేయుమని గాక, సవరింపుమని మేము ప్రార్థించుచున్నాము. సవరణ యిది: సాగుకాలమున పనులను నిలుపదలచినచో, మండలము మండలమునకు పంటను బట్టి దినములను వేఱువేఱుగ నిర్ణయింపవలెను, నిర్ణయమునకు ముందు ఆ గ్రామముల రైతులను, కూలీలను, ముఖ్యముగ స్త్రీలను విచారింపవలెను, జరిగిన పనికి కూలి సకాలమున చెల్లింపవలెను.

రెండవ ప్రార్థన పోషకులకు. ప్రభుత్వము మనలను విచారింపవచ్చినప్పుడు మనచేత ఏమి యుండును? పరిశోధకుల లెక్కలు జిల్లాలకు, మండలములకు సంబంధించినవి. మన ఊరి లెక్క మనమే వ్రాసికొనవలెను. మన సంఘమున్న ప్రతి గ్రామమునను ఒక కూలి పుస్తకము పెట్టుదము. వారమునకొకమారు వ్రాయవలసినది ఇంతే: ఏ పని జరిగినది, దినకూలి ఎంత, గుత్త అయినచో ఎకరమున కెంత, ముఠాలో ఎందఱు, స్త్రీకి ఎంత, పురుషునకు ఎంత, ఆటో బాడుగ ఎవరిచ్చిరి, పనికి పిలిచియు మనుషులు దొరకని దినములెన్ని, పని కోరియు దొరకని దినములెన్ని. ఈ కడపటి రెండును ప్రక్కప్రక్కన వ్రాయవలెను. ఒకటి ఆసామి ఫిర్యాదు, రెండవది కూలి ఫిర్యాదు. ఒకే వారమున రెండును సత్యములు కావచ్చును. పేర్లు వ్రాయనక్కఱలేదు. డిగ్రీ చదువుచున్న మన పిల్లలు దీనిని సులభముగ నడుపగలరు. పుస్తకములకును, అర్థశాస్త్రము చదువదలచిన ఒకరిద్దఱు పేదవిద్యార్థుల వేతనములకును అగు వ్యయము, మన మహాసభ పందిరి వ్యయములో కొలదిభాగమునకు మించదు.

కూలి యెంత యుండవలె నన్నది పరిశోధకుడు తేల్చిచెప్పలేడు. అది ధర్మమునకు, శాసనమునకు సంబంధించినది. ఏది చేసినచో ఎవరికి ఎంత లాభమో, ఎవరికి ఎంత నష్టమో మాత్రము అతడు చూపగలడు. ఆ చూపినదానిని చూడక చేసిన నిర్ణయము, బలవంతుని పక్షమున తేలుట లోకానుభవము. మన సంఘములో బలవంతులును మనవారే, దుర్బలులును మనవారే గనుక, ఉభయుల లెక్కలును ఒకే పుస్తకమున వ్రాసి, చదివి, అప్పుడు నిర్ణయింతము.