బీ అమ్మ నేర్పిన పాఠం

(గోనెగండ్లలో చేసిన ప్రసంగ పాఠం)



దేశమంతా ‘బీ అమ్మ’ అని పిలుచుకున్న ఆబాదీ బానో బేగం 1850లో జన్మించి, 1924 నవంబరులో కన్నుమూశారు. ఆమె బడికి వెళ్లి చదువుకున్నవారు కారు. యౌవనంలోనే భర్తను కోల్పోయారు. ఇంగ్లీషు చదువుకు ఇంటి పెద్దలు అంగీకరించకున్నా, నగలు తాకట్టు పెట్టి కుమారులను బడికి పంపారు. ఆ తాకట్టుతో మొదలైన చదువే మౌలానా షౌకత్ అలీని అలీగఢ్‌కు, మౌలానా ముహమ్మద్ అలీని ఆక్స్‌ఫర్డ్‌కు చేర్చింది.

1921 సెప్టెంబరు 14న, గాంధీజీతో మద్రాసుకు ప్రయాణిస్తున్న ముహమ్మద్ అలీని మన వాల్తేరు స్టేషనులో అరెస్టు చేశారు. కుమారులిద్దరూ జైలులో ఉండగా, డెబ్బై దాటిన ఆ తల్లి ఊరూరా తిరిగి ఖిలాఫత్‌కు, ఖద్దరుకు, హిందూ ముస్లిం ఐక్యతకు ప్రజలను కూడగట్టారు. బిడ్డలకు గురువైన తల్లి జాతికే గురువయ్యారు.

నేడు ఆదోని, ఎమ్మిగనూరు, గోనెగండ్ల పల్లెల నుండి కుటుంబాలు పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు వలసపోతున్నాయి. పిల్లలూ వెంట వెళ్తున్నారు. బడి రిజిస్టరులో పేరు మాత్రమే మిగులుతోంది. చంటిబిడ్డను చూసుకోవడానికి ముందుగా చదువు మానేది ఆడపిల్లే. తాకట్టుకు నగ కూడా లేని తల్లికి బీ అమ్మ కథ చెప్పి ఊరుకుంటే చాలదు. ఆరు నుండి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కని 2009 చట్టం చెబుతోంది. వలస కాలంలో పిల్లలకు ఊళ్లోనే వసతి, భోజనం కల్పించమని ప్రభుత్వాన్ని నిలదీయడం మన హక్కు. బడి మానిన ప్రతి బిడ్డ పేరూ రాసి మండల విద్యాశాఖాధికారికి అందించడం మన జమాఅత్ బాధ్యత.

ఆ తల్లికి అల్లాహ్ మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.