వర్క్‌షాప్ అయ్యాక సోమవారం ఏం మారుతుంది?

(సిబ్బంది, యువజన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మన కార్యాలయ సిబ్బందికి డిజిటల్ యాక్సెసిబిలిటీ మీద వర్క్‌షాపులు పెట్టాలనుకుంటున్నాం. అంటే మనం పంపే సర్క్యులర్లు, ఫారాలు, వీడియోలు చూపు లేనివారికి, వినికిడి లేనివారికి, చేతులు సరిగా ఆడనివారికి కూడా పనికొచ్చేలా తయారుచేయడం నేర్పాలి. ఆ శిక్షణను ఎలా ప్లాన్ చేసుకోవాలో ఈరోజు మాట్లాడుకుందాం.

ముందు ఇది ఎందుకో చూద్దాం. చూపు లేని ఒక విద్యార్థిని స్కాలర్‌షిప్ ఫారాన్ని తన ఫోనులో తానే నింపలేకపోతే ఇంకొకరిని బతిమాలుకోవాలి. కులం, ఇంటి ఆదాయం, బ్యాంకు ఖాతా, చివరికి ఓటీపీ కూడా వాళ్ళకు చెప్పుకోవాలి. ఆమెకు కావలసింది జాలి కాదు, తన పని తాను చేసుకునే వీలు. యాసిడ్ దాడిలో కళ్ళు దెబ్బతిన్నవారు బ్యాంకు కేవైసీలో 'కళ్ళు ఆర్పండి' అన్న దగ్గర ఆగిపోయి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పు చెప్పింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో 2.68 కోట్లమంది వికలాంగులున్నారు. 'మన సంఘంలో అలాంటివారు లేరు కదా' అని ఎవరైనా అంటే ఒక్కటే అడగండి: మన నోటీసు వాళ్ళకు ఎప్పుడైనా చేరిందా?

తెలుగులో మనకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మన పత్రికలు, కరపత్రాలు ఏళ్ళ తరబడి అను ఫాంట్లలో డీటీపీ అవుతూ వచ్చాయి. అచ్చులో అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. కానీ ఫైలు లోపల ఉండేది తెలుగు కాదు, తెలుగు రూపం తొడిగిన వేరే గుర్తులు. స్క్రీన్ రీడర్ పైరూపాన్ని చూడదు, లోపలి కోడ్‌నే చదువుతుంది. అందుకే అర్థంలేని శబ్దాలు వినిపిస్తాయి. యూనికోడ్‌లో టైపు చేస్తే తెలుగు తెలుగులాగే వినిపిస్తుంది.

ఈ మేలు చూపు లేనివారికి మాత్రమే కాదు. సోలాపూర్, బళ్ళారి, హోసూరు, బరంపురం లాంటి చోట్ల ఇంట్లో తెలుగు మాట్లాడినా చదువు మరాఠీలోనో, కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో సాగినవారు మనలో ఉన్నారు. తెలుగు లిపి రాని మన పిల్లలకు కూడా ఫోను ఆ సర్క్యులర్‌ను చదివి వినిపిస్తుంది.

ఇక ప్రణాళిక సంగతి.

మొదటిది, ఎవరు నేర్పాలి? స్క్రీన్ రీడర్‌తో రోజూ పనిచేసే చూపు లేని నిపుణులను, వినికిడి లేని నిపుణులను శిక్షకులుగా పిలవాలి. సాక్ష్యం చెప్పించుకుని, శాలువా కప్పి పంపించేయడం సరిపోదు. ప్లాన్ వేసే రోజునే వారిని కూర్చోబెట్టాలి. మిగతా శిక్షకులతో సమానంగా పారితోషికం ఇవ్వాలి.

రెండవది, ఎవరికి నేర్పాలి? అందరికీ ఒకే ఉపన్యాసం ఇస్తే ఎవరికీ పని రాదు. టైపు చేసేవారికి, వీడియోలు తీసేవారికి, ఫారాలు తయారుచేసేవారికి వేరువేరుగా, బృందానికి పన్నెండు మందికి మించకుండా పెట్టాలి.

మూడవది, దేనిమీద నేర్పాలి? ఎవరి ఫైళ్ళ మీద వారే నేర్చుకోవాలి. ప్రతి ఒక్కరూ గత నెలలో తయారుచేసిన మూడు ఫైళ్ళను రెండు వారాల ముందే శిక్షకులకు పంపాలి.

నాలుగవది, ఆ రోజు ఏం చేయాలి? ఉదయం ఫోనులో టాక్‌బ్యాక్, కంప్యూటర్లో ఎన్‌విడిఏ ఆన్ చేసి తమ ఫైలును తామే వినాలి. ఈ రెండింటికీ పైసా ఖర్చు లేదు. తర్వాత మౌస్ పక్కన పెట్టి కీబోర్డుతోనే తమ ఫారం నింపాలి. కళ్ళకు గంతలు కట్టే ఆటలు వద్దు. వాటితో జాలి పుడుతుంది గానీ పని రాదు. మధ్యాహ్నమంతా సరిదిద్దడమే. శీర్షికలను వర్డ్‌లోని హెడింగ్ స్టైల్‌తో పెట్టడం, బొమ్మలో ఏముందో రాయడం, వీడియో కింద మాటలు వేయడం, అక్షరాల రంగుకూ వెనక రంగుకూ కనీసం 4.5:1 తేడా ఉండేలా చూడడం నేర్చుకోవాలి. రెండు భాషల సర్క్యులర్ అయితే ఏ పేరా ఏ భాషో ఫైల్లో గుర్తుపెట్టాలి. లేకపోతే స్క్రీన్ రీడర్ కన్నడాన్ని తెలుగు గొంతుతో చదవబోయి తడబడవచ్చు.

ఐదవది, వర్క్‌షాపే అందరికీ అందాలి. హాలుకు ర్యాంపు ఉందా, వీల్‌చైర్ పట్టే మరుగుదొడ్డి ఉందా అని స్వయంగా వెళ్ళి చూడాలి. సంజ్ఞా భాష అనువాదకులను ముందే మాట్లాడుకోవాలి. ఈ ఖర్చులు మొదటి బడ్జెట్లోనే ఉండాలి.

ఆరవది, ఆ తర్వాత ఏమిటి? చాలా శిక్షణలు గ్రూపు ఫోటోతో, సర్టిఫికెట్లతో ముగిసిపోతాయి. మనం సోమవారాన్ని చూడాలి. ఆ రోజు ఆఫీసు నుంచి బయటికి వెళ్ళే సర్క్యులర్ యూనికోడ్‌లో ఉందా? ఫోటోగా కాకుండా అక్షరాలుగా వెళ్ళిందా? పంపేముందు చూడటానికి ఒకరిని బాధ్యులుగా పెట్టాలి. నెల తర్వాత అదే శిక్షకులను పిలిచి, మన ఫారం వారే నింపి చూడమనాలి. ఎక్కడ ఆగిపోతే తర్వాతి వర్క్‌షాప్ అక్కడినుంచే మొదలవ్వాలి.

యువతకు ఒక పని అప్పగిస్తున్నాను. మీ ఊరి సంఘంలోని పాత అను ఫైళ్ళు తీసుకోండి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. కానీ అవి తప్పులు చేస్తాయి కాబట్టి ఒకరు మార్చండి, ఇంకొకరు ప్రూఫు దిద్దండి. నెలకు పది పేజీలైనా చాలు. ఎవరి సాయమూ అడగకుండా ఒక మనిషి మన కాగితాన్ని తానే చదువుకోగలిగితే ఈ శిక్షణ ఫలించినట్టే.