గ్రామీణ జీవనోపాధియు, జిల్లా ప్రణాళికయు
(శతవార్షికోత్సవ సందర్భమున జరిగిన గ్రామాభివృద్ధి సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



మాకు ఇవ్వబడిన అంశము విని కొందరు నవ్విరి. "మన ఊరి పంచాయతీ లెక్కలే మనకు తెలియవు, ఆఫ్రికా జిల్లాల ప్రణాళికలు మనకెందుకు అయ్యగారూ?" అని ఒక పెద్దాయన మమ్మును అడిగినారు. ఆయన హాస్యమునకే అనినను, ఆ మాటను మేము విడిచిపెట్టలేకపోతిమి. ప్రసంగము ముగించులోపల మరల ఆ మాటయొద్దకే వచ్చెదము.

ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగము మనకు బొత్తిగా పరాయిది కాదు. మద్రాసునుండి బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ 1860 నవంబరులో డర్బను రేవు చేరినది మొదలుకొని మన తెలుగువారు అనేకులు నేటాలు చెరకు తోటలకు కూలీలుగా వెళ్లిరి. వారిమధ్య సేవచేయుటకు జాన్ రంగయ్యగారు 1903లో నెల్లూరు ప్రాంతమునుండి వెళ్లిన సంగతి మనలో పెద్దలకు తెలియును. అయితే నేడు మనము నేటాలులో ఆగక, ఇంకను ఉత్తరముగా లింపోపో నది దాటి జింబాబ్వే దేశపు పల్లెలకు వెళ్లుదము. జిల్లాలో వ్రాసిన ప్రణాళిక పల్లె బ్రతుకును నిలబెట్టగలదా అను ప్రశ్నకు, అక్కడ ఒకే పథకములో ‘అవును’ అను జవాబును, ‘కాదు’ అను జవాబును రెండును మనకు కనబడుచున్నవి.

ఏనుగు ఎవరిది?

జాంబెజీ నది లోయలోని పల్లెలను తలంచుకొనుడి. అక్కడ వానలు తక్కువ, ఎండ ఎక్కువ. ట్సెట్సీ అను ఈగ కుట్టిన పశువులు రోగముతో చచ్చును గనుక, చాలకాలము అక్కడివారు ఎద్దులను పెంచుకొనలేకపోయిరి. చేతి గొడ్డలితో, పారతో జొన్న, మొక్కజొన్న, కొంత ప్రత్తి పండించుకొనుచు బ్రతికిరి. కోతకు వచ్చిన చేలో ఒక్కరాత్రి ఏనుగుల మంద పడినచో తెల్లవారుసరికి ఏమియు మిగులదు. పెద్ద ఏనుగు దినమునకు 150 కిలోల వరకు మేయగలదు. వేరుశనగ చేలో అడవిపందులు పడిన ఉదయము గట్టుమీద కూర్చున్న రైతు ముఖమును చూచినవారికి ఈ బాధ వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ ఏనుగు చట్టప్రకారము ప్రభుత్వముది. దానిని కొట్టిన పల్లెవాడు నేరస్థుడు. విదేశమునుండి వచ్చి రుసుము చెల్లించి దానిని వేటాడిన ధనవంతుడు మాత్రము అతిథి. ఆ రుసుము రాజధానికి పోవును. నష్టము పల్లెకు, లాభము పట్టణమునకు. ఇట్టి స్థితిలో పల్లెవారు ఏనుగును ప్రేమించవలెనని చెప్పుట న్యాయమగునా?

దీని వెనుక భూమి చరిత్ర ఉన్నది. 1930 నాటి భూవిభజన చట్టము ఆ దేశపు భూమిలో దాదాపు సగమును కొద్దిమంది తెల్లవారికి కేటాయించినది. నల్లవారిలో అనేకులు ఎండిన నేలలకు నెట్టబడిరి. 1975లో వచ్చిన వన్యప్రాణి చట్టము తమ పొలములలోని మృగములవలన ఆదాయము పొందు హక్కును భూయజమానులకు ఇచ్చినది. యజమానులనగా పెద్ద కమతములవారు, అధికముగా తెల్లవారు. ఉమ్మడి భూములలోని పల్లెవారికి ఆ హక్కు లేకపోయెను. 1980లో స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, 1982లో ఆ చట్టమును సవరించి జిల్లా కౌన్సిళ్లకును ఆ హక్కు లభించు మార్గము తెరచిరి.

క్యాంప్‌ఫైర్ పథకము

ఈ సవరణమీద కట్టబడినదే ‘క్యాంప్‌ఫైర్’ అను కార్యక్రమము. ఉమ్మడి భూములలోని సహజ సంపదను అక్కడి ప్రజలే నిర్వహించుకొనుట దాని ఉద్దేశము. వన్యప్రాణి శాఖలో పనిచేసిన రోవన్ మార్టిన్ 1986లో దీనికి రూపము వ్రాసినారు. 1989 నాటికి మొదటగా గురువే, న్యామిన్యామి అను రెండు జిల్లాలు అధికారమును పొందినవి.

పని జరుగు విధము సులువుగా చెప్పెదము. ఏ మృగము ఎన్నింటిని వేటాడవచ్చునో ప్రతి సంవత్సరము సంఖ్య నిర్ణయింపబడును. జిల్లా కౌన్సిలు ఆ వేట హక్కును సఫారీ కంపెనీకి కౌలుకిచ్చును. వచ్చిన పైకములో కనీసము 50 శాతము మృగములున్న వార్డుకు, 35 శాతము వరకు సంరక్షణ పనులకు, 15 శాతము కౌన్సిలు ఖర్చులకు అని మార్గదర్శక సూత్రములు ఏర్పడినవి. వార్డు వాటాతో బడి కట్టవలెనా, పిండిమర పెట్టవలెనా, ఇంటింటికి పంచవలెనా అనునది ఊరివారు కూడి తేల్చుకొనవలెను.

గురువే జిల్లాలో నాడు ఉండిన మసోకా అను పల్లెలో ఈ పైకముతో బడియు, వైద్యశాలయు లేచినవి. ఇండ్లకు కొంత పైకము చేతికే వచ్చినది. చేలచుట్టు విద్యుత్ కంచె వేయబడినది. మృగములు ఎక్కడ తిరుగవలెను, మనుష్యులు ఎక్కడ దున్నవలెను అని ఊరివారే కూర్చుండి హద్దులు ఆలోచించిరి. నిన్నటివరకు దొంగగా కనబడిన ఏనుగు వారికి పాడిగేదెవలె కనబడసాగెను. 1989 మొదలు 2001 వరకు దేశమంతట పాల్గొన్న సమాజములకు ఈ పథకముద్వారా 2 కోట్ల అమెరికా డాలర్లకు పైగా చేరినట్లు లెక్కలు కలవు. ఇది చిన్న సంగతి కాదు.

ఎక్కడ చెడినది?

సహోదరులారా, మంచిని చెప్పి ఊరకుండుట సులువు. కాని ఈ పథకములో ఆదినుండియు ఒక పగులు ఉన్నది. చట్టము హక్కును ఇచ్చినది జిల్లా కౌన్సిలుకే గాని పల్లెకు కాదు. వార్డుకు 50 శాతము అనునది చట్టము కాదు, సూత్రము మాత్రమే. కంపెనీ చెల్లించిన పైకము మొదట జిల్లా ఖజానాలో పడును, పిమ్మట పల్లెకు దిగవలెను. పైనుండి దిగు నీరు ప్రతి మలుపులోను కొంత ఇంకిపోవునని కాలువ చివర పొలమున్న రైతుకు తెలియును.

జిల్లా ఉద్యోగులందరు దొంగలని మేము చెప్పుటలేదు. వారి ఇబ్బందిని కూడ మనము చూడవలెను. కేంద్రమునుండి వచ్చు నిధులు తగ్గినవి. జీతములు ఇయ్యవలెను, బండ్లు నడపవలెను, రోడ్లు బాగుచేయవలెను. చేతిలోనున్న పైకమంతయు ఏనుగు తెచ్చినదే. గనుక "ఈ నెల జీతములకు వాడుకొందము, పల్లెకు తరువాత ఇత్తము" అనిరి. ఆ ‘తరువాత’ కొన్ని జిల్లాలలో చాల ఆలస్యముగా వచ్చినది. 2007, 2008 సంవత్సరములలో ఆ దేశపు నాణెము విలువ గంటగంటకు పడిపోయిన కాలములో, ఆలస్యముగా వచ్చిన పైకము వచ్చియు రానట్లే ఆయెను. ఎవరును దొంగిలింపకపోయినను పల్లె దోచుకొనబడెను.

జింబాబ్వే విశ్వవిద్యాలయములో పనిచేసిన మార్షల్ మర్ఫ్రీ అను పండితుడు దీనిని ముందే గుర్తించినారు. షోనా ప్రజల క్రైస్తవ్యమును గూర్చి 1969లో గ్రంథము వ్రాసినది ఈయనే. మృగముతో కలిసి బ్రతుకుచు నష్టము భరించువారికే మొదటి లాభము చెందవలెననియు, సొత్తు, శ్రమ, నిర్వహణ, ఫలము ఈ నాలుగును ఒకే సమాజము చేతిలో ఉండవలెననియు ఆయన వాదించినారు. శ్రమ ఒకరిది, సంతకము వేరొకరిది అయినచోట పథకము నిలువదు.

పెద్ద జిల్లాలన్నిటికి ఈ సంపద సమానముగా లేదనునది కూడ మరువరాదు. వన్యప్రాణులవలన ఆదాయము పొందు అధికారమున్న 37 జిల్లాలలో 12 జిల్లాలే 97 శాతము ఆదాయమును తెచ్చినవి. ఏనుగులు లేనిచోట ఏనుగుల ప్రణాళిక కాగితము మాత్రమే.

2007లో ఒక మంచి మార్పు వచ్చినది. పల్లె వాటా 55 శాతమని నిర్ణయించి, అది కౌన్సిలు ఖజానా చుట్టు తిరుగకుండ నేరుగా పల్లె బ్యాంకు ఖాతాలో పడవలెనని క్రొత్త సూత్రములు చెప్పినవి. అయితే పైకము పల్లెకు చేరినంతమాత్రమున అందరికి చేరినట్లు కాదు. చిపింగే జిల్లాలో సావే నది ఒడ్డున మహేన్యే అను ఊరు కలదు. గొనరెజౌ అడవినుండి వెళ్లగొట్టబడిన షంగాన్ ప్రజలు అక్కడ ఉన్నారు. 1982లోనే అక్కడ ఇట్టి ప్రయోగము మొదలైనది. అనేకులు దానిని ఆదర్శ గ్రామమని పొగడిరి. కాని 2000 తరువాత కమిటీ ఎన్నికలు క్రమముగా జరుగలేదు, లెక్కలు జనము ఎదుట చెప్పబడలేదు, అధికారము కొద్దిమంది చేతిలోనికి పోయెను. జిల్లా దొర పోయి ఊరి దొర వచ్చినచో పేదవానికి కలిగిన మేలేమి?

ఇంకొక ప్రమాదము కూడ కలదు. 2014 ఏప్రిల్‌లో జింబాబ్వే ఏనుగు దంతములు మొదలగు వేట గుర్తులను తన దేశములోనికి తెచ్చుటను అమెరికా ప్రభుత్వము నిలిపివేసినది. ఆ నిర్ణయము సరియా కాదా అను వాదము మనకు వద్దు. సముద్రములకు ఆవల తీసికొన్న ఒక నిర్ణయముతో లోయలోని పల్లె ఆదాయము దెబ్బతినినది. ఒకే ఆదాయముమీద ఆధారపడిన జీవనోపాధి ఒంటికాలిమీద నిలిచినట్టిది. కాబట్టి జిల్లా ప్రణాళికలో వేటతోపాటు పంట, పశువు, నీరు, తేనె, చేతిపని అన్నియు చేరవలెను.

సమీప దేశమైన మలావీ

మలావీ దేశములో 1998లో స్థానిక పరిపాలన చట్టము వచ్చినది. ఊరిలో ఒక కమిటీ, దానిపైన కొన్ని ఊళ్లకు ఒక కమిటీ, ఆపైన జిల్లా. ఊరినుండి ప్రణాళిక పైకి ఎక్కవలెనని ఏర్పాటు. చూచుటకు చక్కని మెట్లు. 2000 నవంబరులో కౌన్సిలర్ల ఎన్నికలు జరిగినవి. 2005లో వారి గడువు ముగిసినది. మరల ఎన్నికలు జరిగినది 2014 మే నెలలో. నడుమ దాదాపు తొమ్మిదేండ్లు ఉద్యోగులే ప్రణాళికలు నడిపిరి. వారిలో కష్టించి పనిచేసినవారు అనేకులు ఉండవచ్చును. కాని "మా ఊరి బావి సంగతి ఏమైనది?" అని ఓటు అడుగ వచ్చినవానిని నిలదీయు అవకాశము పల్లె స్త్రీకి తొమ్మిదేండ్లు లేకపోయెను. మెట్లు ఉన్నవి గాని ఎక్కుటకు మనుష్యులు లేకపోయిరి.

మనము నేర్చుకొనవలసినది

ఏ ప్రణాళిక మన ఎదుటికి వచ్చినను మూడు ప్రశ్నలు అడుగవలెనని మాకు తోచుచున్నది. మొదటిది, నష్టము ఎవరు భరించుచున్నారు? రెండవది, పైకము మొదట ఎవరి చేతిలో పడుచున్నది? మూడవది, లెక్క ఎవరి ఎదుట చదువబడుచున్నది? మసోకాలో ఈ మూడింటికి జవాబు ‘పల్లె’ అని వచ్చినంతకాలము పని సాగినది. జవాబు మారినచోటనెల్ల పని కుంటుపడినది.

ఇతరులను విమర్శించి మా తప్పు దాచుకొనరాదు. మేము పనిచేసిన ఒక ఊరిలో, బీద స్త్రీల జీవనోపాధికని కుట్టుమిషనులు పంచితిమి. కమిటీలో కూర్చున్న మేమే నిర్ణయించితిమి, మేమే కొంటిమి, మేమే ఫోటో తీయించుకొంటిమి. రెండేండ్లకు మరల వెళ్లి చూడగా వాటిలో ఎక్కువభాగము గోనెపట్టాల క్రింద ఉన్నవి. ఆ ఊరిలో కుట్టించుకొనువారే లేరు. "మీరేమి కోరితిరమ్మా?" అని అప్పుడు అడిగితిమి. "బావికి గట్టి గిలక, గేదెకు దాణా అప్పు కావలెనంటిమి అయ్యగారూ, మీరు రాసుకొనలేదు" అని ఒక తల్లి చెప్పినది. ఆ మాట మాకు నేటికిని గుచ్చుకొనుచున్నది. జిల్లా కౌన్సిలు చేసిన తప్పును మేము చిన్న కొలతలో చేసితిమి.

ఇప్పుడు ఆ పెద్దాయన మాటకు వచ్చెదము. "మన ఊరి పంచాయతీ లెక్కలే మనకు తెలియవు" అనినారు. జాంబెజీ లోయలోని పల్లెవారి దుఃఖము కూడ సరిగా అదియే. మనకు గ్రామసభ యున్నది. ఉపాధిహామీ పనుల లెక్కలను ఊరి నడుమ చదివి వినిపించు సామాజిక తనిఖీ ఆంధ్ర దేశమున 2006లోనే మొదలైనది. అక్కడివారు పోరాడి కోరుకొనుచున్నది మన చేతికి కొంతవరకు వచ్చియున్నది. దానిని వాడుకొనకపోవుట మన తప్పు.

ఈ శతవార్షికోత్సవ సంవత్సరములో భవనములు కట్టుదము, మంచిదే. దానితోపాటు ప్రతి సంఘములో, ప్రతి ఊరిలో, వచ్చిన ప్రతి రూపాయి లెక్కను చదువురాని ముసలమ్మకు కూడ అర్థమగునట్లు సంవత్సరమునకు రెండుమారులు బిగ్గరగా చదువుదము. ముందు మన సంఘపు లెక్కలతోనే మొదలుపెట్టుదము. తరువాత గ్రామసభకు వెళ్లి కూర్చుందము. మమ్మును ప్రశ్నించిన ఆ పెద్దాయనను, రాబోవు గ్రామసభకు మాతోకూడ రమ్మని ఈ వేదికమీదనుండి పిలుచుచున్నాము.