వార్ధకమున బుద్ధిబలము



వయస్సు మీరినంతనే మతి తప్పక తీరదని మన గ్రామములందు పెక్కుమంది నమ్ముచున్నారు. ఈ నమ్మకము సగమే నిజము. ఏండ్లు గడచినకొలది జ్ఞప్తి కొంత మందగించుట సహజము. కాని ఇంటిదారి మరచుట, కన్నబిడ్డల పేర్లు తోచకుండుట వయోధర్మము కాదు, అది వ్యాధి. 2024వ సంవత్సరమున లాన్సెట్ అను వైద్యపత్రిక వారి పండితసంఘము ఇట్టి వ్యాధికి తొలగింపదగిన కారణములను 14 పేర్కొన్నది. వానినన్నిటిని తొలగింపగలిగినచో నూటికి సుమారు 45 పాళ్లు వ్యాధిని ఆపుటయో, ఆలస్యము చేయుటయో సాధ్యమని లెక్కగట్టినది. దేహపరిశ్రమ లేమి, ఒంటరితనము, చెవుడు, రక్తపుపోటు, మధుమేహము, పొగత్రాగుట అందు చేరియున్నవి. కావున మన చేతిలోనున్నదేమో నేడు మనవి చేయదలచితిని.

మొదటిది నడక. మెదడు బరువు దేహమున నూటికి 2 పాళ్లు మాత్రమే. అయినను దేహము ఊరకున్న వేళ వ్యయపడు శక్తిలో ఐదవవంతు దానికే కావలయును. ఆ ఆహారమును మోసికొనిపోవునది రక్తము. నడచువానికి గుండె బలపడి రక్తము చక్కగా ప్రసరించును. అమెరికాలో 120 మంది వృద్ధులపై జరిగిన పరిశోధనయొకటి 2011లో ప్రకటింపబడెను. సగముమంది వారమునకు 3 దినములు, దినమునకు 40 నిమిషముల వరకు నడచిరి. తక్కినవారు ఒడలు సాచు తేలికపాటి వ్యాయామము చేసిరి. ఏడాదికి నడచినవారి మెదడులో జ్ఞప్తికి ఆధారమైన హిప్పోకాంపస్ అను భాగము నూటికి 2 పాళ్లు పెరిగెను, తక్కినవారికది తగ్గెను.

మన ఇబ్రహీంపట్నము వారికి చేనిపనియే పూర్వము వ్యాయామమై యుండెను. నేడు పెక్కు చేలు ఇండ్లస్థలములైనవి. వృద్ధులు టెలివిజను ముందర కూర్చుండిపోవుచున్నారు. 16వ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్ షా కాలమున కట్టిన పెద్దచెరువు మనకున్నది. ఉదయమున ఆ వైపునకు నలుగురు కలిసి నడచినచో పరిశ్రమయు, మాటామంతియు ఒక్కసారియే లభించును. వారమునకు 150 నిమిషములైనను దేహమునకు పని చెప్పవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో తెలిపినది. అనగా దినమునకు అరగంట చొప్పున 5 దినములు. మాటలాడవచ్చును గాని పాట పాడలేనంత వేగము చాలును. గుండెజబ్బు కలవారు ముందుగా వైద్యుని అడుగవలెను.

రెండవది వినోదము. న్యూయార్కు నగరమున 75 ఏండ్లు దాటిన 469 మందిని సుమారు 5 సంవత్సరములు గమనించి 2003లో ఫలితములు ప్రకటించిరి. చదువు, పలక మీది ఆటలు, వాద్యము, నృత్యము గలవారికి మతిభ్రంశము తక్కువగా కనబడెను. మతి తప్పనున్నవారు ముందే ఆటలు మానియుండవచ్చును గనుక దీనిని పూర్తి ఋజువనరాదు. అయినను ఈ మందు చేదు కాదు, ఖర్చు లేదు. పులిమేక ఆడువాడు ఎదుటివాని ఎత్తును ముందే ఊహింపవలెను. కోలాటమున అడుగు, చేయి, చెవి, కన్ను ఏకకాలమున పనిచేయవలెను. భజనయందు వరుసలు నోటికి రావలెను. ఇవి పొద్దుపుచ్చుట మాత్రమే కాదు, బుద్ధికి సాము.

మూడవది మన నోటనే యున్నది. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞానసంస్థలో 648 మంది రోగులను పరీక్షించి 2013లో ప్రకటించిన విషయమిది: రెండు భాషలు మాటలాడువారికి ఈ వ్యాధి, ఒకే భాష వారికంటె సుమారు 4½ ఏండ్లు ఆలస్యముగా వచ్చెను. చదువురానివారియందును ఈ భేదము కనబడెను. మన అంగడిలో ఒకరితో తెలుగున, వేరొకరితో ఉర్దువున బేరమాడు ముసలివాడు తానొక విద్య సాధన చేయుచున్నాడని ఎరుగడు. ఆ అలవాటును మానకుడు.

కడపట ఒక్క మాట. "తాతా! నీకెందుకు, కూర్చుండుము" అని ప్రేమతో అనుచున్న బిడ్డలు, ఆయన చేతిపనిని లాగికొనుచున్నారు. చెవి వినబడని పెద్ద సభ మాని మూల చేరుచున్నాడు. ఆయనను చెవివైద్యుని కడకు కొనిపోవుడు. పెద్దలారా! మీరును మనుమలను పిలిచి పులిమేక గీత గీయుడు. వారికి ఆట వచ్చును. మీకు బుద్ధి నిలుచును.