నడుము నొప్పి కాలిలోకి దిగితే



ఈ రోజు నడుము గురించి మాట్లాడుకుందాం. నాటు వేసినా, కలుపు తీసినా, బిందె మోసినా భారమంతా నడుము మీదే. నడుము నొప్పి ఎరగని వాళ్లు మనలో ఎంతమంది ఉన్నారు? అయితే నేను చెప్పేది మామూలు నొప్పి గురించి కాదు. నడుములో మొదలై కాలిలోకి దిగే నొప్పి గురించి.

ఈ నొప్పి ఎలా ఉంటుంది? పిర్రలో పట్టుకుంటుంది. తొడ వెనకగా పిక్కలోకి, పాదంలోకి గుంజుతుంది. ఎక్కువగా ఒక కాలికే వస్తుంది. దగ్గినా, తుమ్మినా జివ్వుమంటుంది. పాదం తిమ్మిరెక్కుతుంది. కొందరికి వేళ్లు మొద్దుబారిపోతాయి. దీన్ని డాక్టర్లు సయాటికా అంటారు.

"నొప్పి కాలిలో ఉంటే నడుముతో ఏం పని?" అని మీరు అడగొచ్చు. చెబుతాను, వినండి.

మెడ నుంచి నడుము దాకా మనకు 24 వెన్నుపూసలు ఉన్నాయి. మెడలో 7, వీపులో 12, నడుములో 5. నడుములో పూసకూ పూసకూ మధ్య ఒక మెత్త ఉంటుంది. దాని పేరు డిస్కు. డిస్కును పూర్ణం బూరె అనుకోండి. పైన గట్టి పొర, లోపల మెత్తటి గుజ్జు. పై పొర చిరిగితే గుజ్జు బయటికి ఉబుకుతుంది. "డిస్కు జారింది" అంటాం గాని, నిజానికి డిస్కు ఎక్కడికీ జారదు. కాళ్లకు పోయే నరాలు ఆ పక్కనే ఉంటాయి. బయటికి వచ్చిన గుజ్జు నరాన్ని నొక్కుతుంది. ఆ నరం ఎక్కడి దాకా పోతుందో, నొప్పీ తిమ్మిరీ అక్కడి దాకా పోతాయి. జబ్బు నడుములో ఉంటుంది, బాధ కాలిలో తెలుస్తుంది.

ఇది గాలి సోకడం కాదు, ఎవరి దిష్టీ కాదు. వయసు పెరిగేకొద్దీ డిస్కులో తడి తగ్గి, పొర బలం తగ్గుతుంది. వంగి బరువులెత్తడం, ఒళ్లు పెరగడం, చుట్టా బీడీ తాగడం దీనికి తోడవుతాయి.

ఒక మంచి మాట కూడా ఉంది. చాలామందికి ఆపరేషను లేకుండానే ఇది తగ్గుతుంది. బయటికి వచ్చిన గుజ్జును చాలాసార్లు శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది. ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో నొప్పి బాగా తగ్గుముఖం పడుతుంది. తిమ్మిరి పోవడానికి ఇంకొంత కాలం పట్టొచ్చు.

ఈలోగా ఏం చేయాలి?

నొప్పి మరీ ఎక్కువగా ఉంటే ఒకటి రెండు రోజులు పడుకోండి. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. అంతకు మించి మంచం పట్టొద్దు. ఓర్చుకోగలిగినంత వరకు లేచి నడవండి. బరువులు మాత్రం ఎత్తొద్దు. బిందె మోసే పని ఇంట్లో మగవాళ్లకు అప్పజెప్పండి. మీకు నయమయ్యే దాకా వాళ్లు మోస్తే తప్పేమీ లేదు.

నడుము తొక్కించుకోవద్దు. వాతలు పెట్టించుకోవద్దు. మొద్దుబారిన కాలికి వేడి కాపడం పెట్టొద్దు. కాలుతున్నా మీకు తెలియదు, బొబ్బలెక్కుతాయి. దుకాణంలో నొప్పి బిళ్లలు కొని రోజుల తరబడి మింగొద్దు. కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. కడుపుతో ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఏ బిళ్లా వేసుకోవద్దు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. కొన్ని గుర్తులు కనిపిస్తే ఇంట్లో కూర్చోకూడదు.

మూత్రం బిగదీసుకుపోవడం, లేదా తెలియకుండా పోవడం.
దొడ్డికి తెలియకుండా పోవడం.
తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారడం. కడుక్కునేటప్పుడు చెయ్యి తగిలినా తెలియకపోవడం.
రెండు కాళ్లలోనూ నొప్పి, తిమ్మిరి రావడం, కాళ్లు పట్టు తప్పడం.
పాదం పైకి లేవక, నడుస్తుంటే నేలకు ఈడ్చుకోవడం.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి. రాత్రయినా సరే, తెల్లవారే దాకా ఆగొద్దు. 108కి ఫోను చేయండి. మూత్రానికి, మలానికి, కాళ్లకు పోయే నరాల గుత్తి మొత్తం నొక్కుకుపోతే వెంటనే ఆపరేషను చేయాలి. ఆలస్యమైతే పోయిన పట్టు మళ్లీ రాకపోవచ్చు. బతుకంతా ఆ బాధ పడాల్సి వస్తుంది.

ఇక్కడే మన ఆడవాళ్లకు ఒక చిక్కు ఉంది. మూత్రం సంగతి మగడాక్టరుకు ఎలా చెప్పేది? అత్తకు ఎలా చెప్పేది? మొగుడికే చెప్పలేం. "కాన్పులయ్యాక ఇదంతా మామూలే" అని దాచుకుంటాం. నడుము నొప్పి ఉన్న మనిషికి కొత్తగా మూత్రం ఆగినా, జారినా అది మామూలు కాదు. డాక్టరుకు మనం చెప్పేది కాలు నొప్పి ఒక్కటే అయితే, కాలికే బిళ్లలు రాసి పంపవచ్చు. మనం దాచిన మాటే అసలు మాట.

అక్కా, నోరు రాకపోతే చెయ్యి ఉంది. మీకిప్పుడు రాయడం వచ్చు. ఒక చీటీ మీద ఇలా రాసి డాక్టరు చేతికివ్వండి:

"నాకు నడుము నొప్పి ఉంది. నిన్నటి నుంచి మూత్రం రావడం లేదు. కింద మొద్దుబారింది."

ఈ మూడు ముక్కలు చాలు. చదివిన డాక్టరుకు సంగతి అర్థమవుతుంది.

చివరగా బరువెత్తే పద్ధతి. నడుము వంచి ఎత్తొద్దు. మోకాళ్లు వంచి కూర్చోండి. బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోండి. కాళ్ల బలంతో లేవండి. బరువు చేతిలో ఉండగా నడుము తిప్పొద్దు, పాదాలతో తిరగండి. పెద్ద బస్తా అయితే ఇద్దరు పట్టండి.

ఇప్పుడు అందరూ నోటు పుస్తకాలు తీయండి. ఆ మూడు ముక్కలు రాయండి. ఇంటికి పోయాక, ఈ రోజు ఇక్కడికి రాని పక్కింటి వదినకు చదివి వినిపించండి.